మల్లక్క రాజును చావనివ్వలేదు

మల్లక్కకు ఉన్నది ఒకటే పిచ్చి. లోకంలో ఏ తగువు వచ్చినా, ఏ కూర మాడినా, ఏ పిల్ల అలిగినా ఆమె దాన్ని రెండువేల ఏళ్ల కిందటి ఒక రాణి ముందు పెట్టి తీర్పు చెప్పిస్తుంది. ఆ రాణి పేరు నాగనిక. శాతవాహనుల ఇంటి కోడలు. కోరుట్లలో ఆమెకు గుడి లేదు, బొమ్మ లేదు, ఆమె పేరుతో కనీసం ఒక కిరాణా దుకాణం కూడా లేదు. ఉన్నదల్లా మల్లక్క వాకిలి. ఆ వాకిట్లో మాత్రం రాణిగారి పాలన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఆ రాజ్యంలో నేను కిరాయిదారును. మాది సిరిసిల్ల దగ్గర ముస్తాబాద్. కోరుట్లలో సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. మల్లక్క ఇంటి ముందరి రెండు గదుల్లో ఉంటాను. చరిత్ర నా ఉద్యోగం, చరిత్ర ఆమె కాలక్షేపం. ఉద్యోగస్తుడికి ఎప్పుడూ ఆధారాలు కావాలి. కాలక్షేపానికి ఆ బెడద లేదు.

పొద్దున పనులన్నీ తెమిలాక వాడకట్టు ఆడవాళ్లు చాటలు పట్టుకొని మల్లక్క వాకిట్లోకి చేరతారు. చాటలో తునికాకు, తంబాకు, దారం. బీడీలు చుట్టడానికి చేతులు చాలు, చెవులు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ చెవుల్లోకి మల్లక్క రాణిని పంపుతుంది. పక్కనే చిన్న బెంచీ మీద ఆమె భర్త గంగారాం కూర్చొని ఆకు కత్తిరిస్తుంటాడు. ఆయన మస్కట్‌లో సగం జీవితం గడిపి వచ్చిన మనిషి. మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయో ఏమో, ఇక్కడ ఆయన నోటినుంచి మాట రావడం నేను పెద్దగా వినలేదు. రాజుగారు చాలా అందగాడని మల్లక్క చెప్పినప్పుడు మాత్రం మీసం ఒకసారి దువ్వుకుంటాడు.

"రాణి పొద్దుగాల లేశి ముందుగాల ఏం జేసిందో ఎరుకేనా?" అని మొదలుపెడుతుంది మల్లక్క.

"ఏం జేసింది మల్లక్కా?"

"పాలాయన అచ్చిండా లేదా సూసింది."

రాణికి ఏ కూర ఇష్టమో ఎవరైనా పరిశోధన చేయదలిస్తే శాసనాలు వెతకనక్కర్లేదు. ఆ రోజు మల్లక్క పొయ్యి మీద ఏముందో చూస్తే చాలు. సొరకాయ ఉన్న రోజు రాణి ప్రాణం సొరకాయ. మర్నాడు చింతచిగురు పప్పు అయితే, రాణి పుట్టింటినుంచి తెచ్చుకున్న అలవాటు అది. మల్లక్కకు మోకాళ్ల నొప్పులు మొదలైన వారమే రాణికీ మొదలయ్యాయి. పక్కింటి రజని కుక్కర్ అరువడిగిన రోజున, వంటగిన్నెలు గడప దాటకూడదని రాణి శాసనం చేసినట్టు తెలిసింది. రజని అలిగి వెళ్లిపోతే, "మరి పండుగలకు దాటొచ్చు" అని ఆ శాసనానికి సవరణ వెలువడింది.

నా మీద రాణిగారికి ఒకటే ఫిర్యాదు. నేను నీళ్ల మోటరు వేసి బంద్ చేయడం మరిచిపోతాను. ట్యాంకు పొంగి నీళ్లు మెట్లమీదుగా వాకిట్లోకి వస్తాయి, బీడీల చాటలు ఎత్తుకొని ఆడవాళ్లందరూ లేస్తారు.

"సారూ, రాణి కాలంలనైతే మోటరు బంద్ చెయ్యనోన్ని గోదావరి అవుతల ఇడిసిపెడుదురు" అంటుంది మల్లక్క.

"మల్లక్కా, రెండువేల ఏళ్ల కింద మోటర్లు లేవు."

"మోటర్లు లేకుంటే నీళ్లు పొంగుడు లేదా?"

దీనికి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. వెళ్లి మోటరు ఆపడం ఒక్కటే మార్గం.

ఒకసారి ఊరినుంచి వస్తూ ఆమెకు సిరిసిల్ల నూలుచీర తెచ్చాను. చీర విప్పి అంచు చూసి, రాణి కట్టిందీ ఇలాంటిదేనని ప్రకటించింది. సిరిసిల్లలో మగ్గాలు పెట్టించింది కూడా రాణేనట. "పవర్‌లూమా?" అని అడిగాను, ఇరికిద్దామని. "ముందుగాల చేతిమగ్గమే. కరెంటొచ్చినంక మార్చిరి" అంది, చీర మడతపెడుతూ.

నిజానికి ఈ రాణిని ఆ ఇంటికి తెచ్చింది నేనే. కొత్తగా కిరాయికి దిగిన ఏడు, కార్తీక మాసంలో వాడకట్టు ఆడవాళ్లు జీపు మాట్లాడుకొని కోటిలింగాలకు గోదావరి స్నానానికి పోతుంటే నన్నూ రమ్మన్నారు. ఒడ్డున కూర్చొని పులిహోర తింటున్నప్పుడు నాలోని సారు ఊరుకోలేదు. ఇక్కడ శాతవాహనుల నాణేలు దొరికాయనీ, వాళ్లలో నాగనిక అనే రాణి ఉండేదనీ, భర్త శాతకర్ణి చనిపోతే చిన్నపిల్లల తరఫున రాజ్యం ఏలిందనీ చెప్పాను. తాను చేసిన యజ్ఞాలూ, దానమిచ్చిన ఆవులూ గుర్రాలూ ఏనుగులూ అన్నీ మహారాష్ట్రలో ఒక గుహలో చెక్కించిందని కూడా చెప్పాను.

"ఇచ్చినవి రాపిచ్చింది గని, తీసుకున్నవి రాపియ్యలే. తెలివిగల్లది" అంది మల్లక్క.

మిగతావాళ్ల పులిహోర చేతుల్లోనే ఉండిపోయింది. కాసేపటికి ఎవరో, "మొగడు సచ్చిపోయిండా సారూ?" అని మెల్లగా అడిగారు. "అవును, అందుకే కదా ఆమె ఏలింది" అన్నాను. మల్లక్క నా వంక ఒకసారి చూసి, నా ఆకులో ఇంకాస్త పులిహోర వేసింది. నా నోరు మూయించడానికి వేసిందని అప్పుడు నాకు తట్టలేదు.

తిరుగు ప్రయాణంలో మల్లక్క కథ అందుకుంది. నేను ముందు సీట్లో డ్రైవరు పక్కన ఉన్నాను, సగం సగం వినిపించింది. జీపు జగిత్యాల దాటేసరికి శాతకర్ణి లేచి కూర్చున్నాడు. కోరుట్ల చేరేసరికి గుర్రమెక్కి యుద్ధానికి వెళ్లాడు. ఆనాటినుంచి ఆయన యుద్ధంలోనే ఉన్నాడు, రాణి ఇక్కడ ఏలుతోంది.

ఇది నాకు మింగుడుపడలేదు. సొరకాయ కూరకు నేను అడ్డు చెప్పను. కానీ రాజు చావు చరిత్ర. అది లేకపోతే రాణి పాలనే లేదు. పాఠ్యపుస్తకం పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాను.

"గీ పుస్తకం రాసినాయన రాజును సూసిండా?" అంది మల్లక్క.

"లేదు."

"రాణిని?"

"ఆమెను కూడా చూడలేదు."

"నేనూ సూడలే. ఇద్దరం సమానమే గదా సారూ."

రాజు తిరిగిరాకపోవడానికి కారణాలు మాత్రం ఆమె దగ్గర కొదవ లేకుండా ఉండేవి. ఒక ఏడు గుర్రానికి కాలు బెణికింది. ఒక ఏడు గోదావరి నిండుగా ఉండి దాటనివ్వలేదు. ఇంకో ఏడు అక్కడి సేనాపతి రాజుగారి కాగితాలు దాచిపెట్టి సెలవు ఇవ్వలేదు. మహారాజుకు సెలవిచ్చే సేనాపతి ఎవరని అడిగితే, "నీకెరుక లేదు సారూ, దూరదేశం పోతే ఎంత రాజైనా ఒకని చేతికింద పనే" అంది. రాజు రాకపోయినా ఆయన పంపే సామాన్లు మాత్రం వచ్చేవి. రెండు దుప్పట్లు, వాసన సబ్బులు, బాదం పలుకులు, అత్తరు సీసా. యుద్ధభూమి నుంచి సబ్బులేమిటని అడిగాను. "యుద్ధం జేసేటోళ్లు తానం జెయ్యరా?" అంది.

ఇదంతా వాకిట్లో ఆగితే బాగుండేది. కానీ ఆ ఆడవాళ్ల పిల్లలే నా ఆరో తరగతి. బడి లేని రోజుల్లో తల్లుల పక్కన కూర్చొని వాళ్లూ వింటారు. పరీక్షలో "నాగనిక పాలన గురించి రాయండి" అని ప్రశ్న ఇస్తే సగం తరగతి ఒకే జవాబు రాసింది. శాతకర్ణి మహారాజు యుద్ధమునకు వెళ్లి రాణికి రెండు దుప్పట్లు పంపెను. ఒక పిల్లవాడు దుప్పట్ల రంగు కూడా రాశాడు. ఎర్రవట.

సున్నాలు పెట్టుకుంటూ పోయాను. ఆ కాగితాల కట్ట బల్ల మీద ఉండగానే జగిత్యాల నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ఆయన పైకాగితం తీసి చదివారు. రెండోది తీశారు. మూడోది కూడా చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ప్రకాశ్‌గారూ, ఈ దుప్పట్లు ఏ తవ్వకాల్లో బయటపడ్డాయి?" అని అడిగారు.

స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. ఏమైనా సరే, రాజు చావాలి.

మర్నాడు ఆదివారం. వాకిట్లో అందరూ ఉన్నారు. కథ మంచి పట్టులో ఉంది. నేను మెట్ల మీద నిలబడి, "మల్లక్కా, ఇంక చాలు. రాజు ఎప్పుడో చచ్చిపోయాడు. యుద్ధం లేదు, దుప్పట్లు లేవు. ఇవాళ ఆ సంగతి వీళ్లందరికీ చెప్పు. లేకపోతే నేనే చెబుతాను" అన్నాను.

చేతులన్నీ ఆగిపోయాయి. గంగారాం కత్తెర కూడా ఆగింది. అందరిలోకీ చిన్నదైన సుమలత చాట పక్కన పెట్టి, నీళ్లు తాగొస్తానని లేచి ఎదురుగా ఉన్న తన ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆమె భర్త నవీన్ సౌదీలో ఇనుప పని చేస్తాడు. కూతురు సుస్మిత నా తరగతిలోనే ఉంది. ఊరవతల వాళ్లకు పసుపు చేను ఉంది. దసరా అప్పటినుంచి నవీన్ దగ్గరనుంచి ఫోన్ లేదు. కంపెనీ వదిలేసి పారిపోయాడని ఒకరు, పట్టుకొని లోపల వేశారని ఒకరు చెప్పేవారు. ఇవన్నీ నాకూ తెలుసు. వీటికీ శాతకర్ణికీ సంబంధం ఉంటుందని మాత్రం నాకు ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు.

మల్లక్క కొంగుకంటిన తంబాకు దులుపుకొని, నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. గొంతు పెంచలేదు.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి. బయట కూసున్న ఆడోళ్లల్ల ఎవరి మొగడు ఊర్లె ఉన్నడో సెప్పు."

నేను లెక్క చూసుకున్నాను. మస్కట్, దుబాయి, సౌదీ, మళ్లీ దుబాయి. ఊళ్లో ఉన్న మొగుడు గంగారాం ఒక్కడే.

"గా పిల్ల సుమలత రాత్రి నిద్ర పోతలేదు. పొద్దుగాల అచ్చి, రాజు సంగతేంది మల్లక్కా అంటది. ఇంక రాలే గని, ఉన్నడు బిడ్డా అని నేనంట. గా మాట ఇని పొయ్యి ఎలిగిస్తది, పిల్లకు తలదువ్వి బడికి పంపుతది. నీ రాజు రెండువేల ఏండ్ల కిందనే సచ్చిండు. ఇంకో ఆర్నెల్లు బతికితే నీదేం పోతది?"

ఆ క్షణంలో ఆమె మీద చాలా గౌరవం కలిగింది. ఆ సంగతి పైకి చెప్పలేదు. చెబితే మర్నాడు రాణి దర్బారులో నేను సాష్టాంగపడినట్టు కథలో వచ్చేది. బయటికి వచ్చి, "రాజు గురించి కొన్ని సందేహాలున్నాయట, పండితులు ఇంకా తేల్చలేదు" అని ప్రకటించాను. గంగారాం కత్తెర మళ్లీ మొదలైంది. సుమలత కూడా వచ్చి చాట ఒళ్లో పెట్టుకుంది.

పసుపు తవ్వకాలు దగ్గరపడ్డాక కథలోకి కొత్తమనిషి దిగాడు. రాజుగారి అన్న. తమ్ముడు లేడు కాబట్టి గద్దె తనకిమ్మని రాణి చుట్టూ తిరుగుతున్నాడు. నాకు ఉండబట్టలేదు.

"మల్లక్కా, శాసనంలో అన్న అనేవాడు ఎక్కడా లేడు."

"శాసనం రాపిచ్చింది రాణి. గసుంటోని పేరు రాపిస్తదా?"

రాణి ఆయనకు చెప్పిన జవాబు ఆడవాళ్లకు బాగా నచ్చింది. "బావా, ఆకలైతే రా, అన్నం పెడ్త. గద్దె జోలికి మాత్రం రాకు." దీన్ని మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అని రోజూ చెప్పించుకునేవారు. చివరికి మల్లక్క "బావా" అంటే చాలు, మిగతాది అందరూ కలిసి పూర్తిచేసేవారు. నేను కూడా బడికి పోతూ పోతూ ఆ మాట గొణుక్కోవడం గమనించి నాలుక కరుచుకున్నాను.

కథలో అన్న ఎందుకు దిగాడో బుచ్చన్న వచ్చిన రోజు తెలిసింది. బుచ్చన్న నవీన్‌కు సొంత అన్న. చెడ్డవాడు కాదు, పక్కవాడి చేను పచ్చగా ఉంటే నిద్రపట్టని మనిషి, అంతే. తువ్వాల భుజాన వేసుకొని నేరుగా మల్లక్క వాకిట్లోకే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పదిమందిలో అడిగితే సుమలత కాదనలేదని ఆయన లెక్క.

"సుమలతా, నవీన్‌గాడు ఉన్నడో లేడో తెల్వకపాయె. తవ్వకం అచ్చింది. ఆడమనిషివి, కూలోళ్లను ఏడ పట్టుకత్తవు? తవ్వుడు, ఉడకవెట్టుడు, ఆరవోసుడు నీతోని గాదు. చేను నాకిడిసిపెట్టు. నీకూ పిల్లకూ తిండికి లోటు రానియ్య."

ఆ చేను పోతే సుమలతకు మిగిలేది ఒళ్లో ఉన్న చాట ఒక్కటే. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. చేను వదిలిందంటే, నవీన్ ఇక రాడని ఆమె కూడా ఒప్పుకున్నట్టే. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని నెమ్మదిగా పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టింది.

"బావా" అంది.

ఆడవాళ్లందరూ తలెత్తారు.

"ఆకలైతే రా" అంది సుమలత.

"అన్నం పెడ్త" అన్నారు రజనీ, మిగతావాళ్లూ ఒక్క గొంతుతో. అలవాటైపోయిన నోళ్లు, ఆగలేదు.

"చేను జోలికి మాత్రం రాకు" అని సుమలత ఒక్కతే ముగించింది.

బుచ్చన్న ఒక్కొక్కరి ముఖం చూశాడు. "ఏందిది? అందరు ఒక్కతీరుగ మాట్లాడుతున్రు. ముందే అనుకున్నరా?"

అప్పుడు గంగారాం నోరు విప్పాడు. "రెండువేల ఏండ్ల కిందనే అనుకున్నరు" అన్నాడు, ఆకు మీదినుంచి చూపు తిప్పకుండా.

బుచ్చన్న తువ్వాల దులుపుకొని లేచాడు. మల్లక్క మాత్రం అంతసేపూ ఏమీ ఎరగనట్టు బీడీలు కట్ట కడుతూ కూర్చుంది. ఆయన గేటు దాకా పోయాక, "బుచ్చన్నా, అన్నం తిని పో, నిజంగనే అంటున్నం. ఇయ్యాల సొరకాయ" అని పిలిచింది. ఆయన తినలేదు. కానీ తవ్వకాలు మొదలైన రోజున ఇద్దరు కూలీలను ఆయనే పంపాడు. ఆయనను రాణి క్షమించినట్టు కథలో కూడా వచ్చింది.

చేను సుమలతే తవ్వించింది. వాకిట్లో ఆడవాళ్లు వంతులేసుకొని పోయారు. పసుపు ఉడకబెట్టారు, ఆరబోశారు, కోరుట్లలో ఆ వాడకట్టు ఆడవాళ్ల చేతులన్నీ కొన్నాళ్లు పచ్చగా ఉన్నాయి. బీడీలు తగ్గాయని, ఆకు ఇచ్చి బీడీలు తీసుకుపోయే టేకేదారు గొడవపడితే, రాణి యుద్ధంలో ఉందని చెప్పి పంపించారు.

ఎండలు ముదిరాక నవీన్ వచ్చాడు. గల్ఫ్ నుంచి మనిషి వస్తే మామూలుగా వాడంతా తెలుస్తుంది. తాళ్లతో కట్టిన పెద్ద అట్టపెట్టెలు దిగుతాయి, పిల్లలు చుట్టూ మూగుతారు. నవీన్ జగిత్యాల బస్సు దిగి, వెనక గల్లీలోంచి ఒక చేతిసంచితో ఇంట్లో దూరాడు. కంపెనీ మూతపడిందట, కాగితాలు లేకుండా ఎక్కడో పనిచేస్తూ పట్టుబడ్డాడట, లోపల వేసి చివరికి విమానం ఎక్కించి పంపారట. ఇవి కూడా సుమలత ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆయన గడప దాటి బయటికి రాలేదు.

"ఎట్లున్నడు బిడ్డా?" అని మల్లక్క అడిగింది.

"మంచిగనే ఉన్నడు మల్లక్కా. తలకాయ ఎత్తుతలేడు. పొద్దంత గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంటుండు. పోయినోన్ని పోయినట్టే ఉంటే అయిపోతుండె అంటుండు."

పోయినవాడి కోసం ఏడ్చే పద్ధతులు మనకు చాలా ఉన్నాయి. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాణ్ని ఎలా పిలవాలో ఎవరికీ తెలియదు. అలా ఆరేడు రోజులు గడిచాయి. హోటల్ దగ్గర మగవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోసాగారు. ఇలాగే ఉంటే ఆ పిల్లాడు మళ్లీ ఏదో ఒక దేశానికి పారిపోతాడని నాకు భయం వేసింది.

ఆ ఆదివారం మల్లక్క అవసరానికి మించిన గొంతుతో కథ ఎత్తుకుంది. గల్లీ ఇరుకు. సుమలత ఇంటి తలుపు ఎదురుగానే ఉంది, ఓరగా తెరిచి ఉంది.

"రాజు అచ్చిండు" అంది.

చాటలన్నీ కదలడం మానేశాయి. ఇన్నేళ్ల యుద్ధం అలా ఒక్క ముక్కలో ముగిసింది.

"ఏనుగెక్కి అచ్చిండా మల్లక్కా?" అని రజని అడిగింది.

"ఏనుగు లేదు, గుర్రం లేదు. చేతిల ఒక సంచి. కత్తి గూడ ఆడనే పోయింది."

"ఓడిపోయిండా?"

"నాకేమెరుక. రాణి అడుగలే, నేనెందుకు అడుగుత?"

"మరి రాణి ఏమన్నది?"

"నీళ్లు తోడిన, తానం జెయ్యి అన్నది."

సుమలత తల వంచుకొనే అడిగింది, "మరి గద్దె రాజుకిచ్చిందా మల్లక్కా?"

"ఎందుకిస్తది? పసుపు తవ్వింది ఎవరు?"

రాణి పసుపు ఎప్పుడు పండించిందని నేను అడగలేదు. ఈ ఒక్కసారికి నాకు కూడా తర్వాత ఏమైందో వినాలనిపించింది.

"గద్దె దిగలే. రాజు గూడ దిగుమనలే. తానం జేశి, బువ్వ తిని, అచ్చి పక్కన కూసున్నడు."

"కూసొని ఏం జేసిండు?"

ఆ ప్రశ్న వాకిట్లోంచి రాలేదు. గల్లీకి అవతల గడప మీద నవీన్ నిలబడి ఉన్నాడు. లుంగీ, మాసిన గడ్డం. ఎవరూ తల తిప్పి చూడలేదు. ముందే అనుకున్నట్టు అందరూ బీడీలు చుట్టుకుంటూనే ఉన్నారు. మల్లక్క కూడా తలెత్తలేదు.

"ఆకు కత్తిరిచ్చిండు" అంది.

గంగారాం బెంచీ మీద కొంచెం జరిగాడు. బెంచీ కిందినుంచి రెండో కత్తెర తీసి, ఖాళీ అయిన చోట పెట్టాడు. ఆయన మస్కట్ నుంచి వచ్చిన రోజు చేతిలో ఏముందో నేనెన్నడూ అడగలేదు. ఆ కత్తెర పెట్టిన తీరు చూశాక అడగాల్సిన పని పడలేదు.

నవీన్ గల్లీ దాటి వచ్చి కూర్చున్నాడు. ఇనుము వంచిన చేతులకు తునికాకు లొంగలేదు. మొదటి ఆకు వంకర, రెండోది అంతకంటే వంకర. సుమలత ఆ వంకర ఆకునే తీసుకొని బీడీ చుట్టింది. టేకేదారు దాన్ని చూసి ఇదెవరు కత్తిరించారని చిరాకుపడితే, "రాజు కత్తిరిచ్చిన ఆకు గట్లనే ఉంటది" అని మల్లక్క చెప్పింది. నవీన్ అప్పుడు నవ్వాడు. అతను నవ్వగా ఆ వాడకట్టు చూడటం చాలా కాలానికి అదే మొదలు.

పెద్ద పరీక్షల్లో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. సుస్మిత కాగితం చేతికి వచ్చినప్పుడు ఎర్రపెన్ను తీశాను. "శాతకర్ణి మహారాజు ఖాళీ చేతులతో తిరిగి వచ్చెను. నాగనిక గద్దె దిగలేదు. రాజు పక్కన కూర్చొని ఆకు కత్తిరించెను. ఇద్దరు బాగున్నారు" అని రాసింది. నాగనిక గద్దె దిగలేదన్న వాక్యానికి మార్కులు వేశాను, దానికి చరిత్రలో ఆధారం ఉంది. మిగతా వాక్యాలకు వేయలేదు. చరిత్ర చరిత్రే. కానీ వాటిని కొట్టేయనూ లేదు. జగిత్యాల అధికారి వస్తే ఏం చెప్పాలో అప్పుడు చూసుకుంటాను.

సాయంత్రం మెట్ల మీద కూర్చొని ఉంటే మల్లక్క అడిగింది, "మా రాజు పరీక్షల ఏమాయె సారూ?"

"పాసయ్యాడు."

"మంచిగైంది. గిప్పుడు సుమ మొగడు ఇంట్లనే ఉన్నడాయె. నీ పుస్తకంలున్నట్టు సంపుమంటే సంపుత. ఎప్పుడు సంపుమంటవ్?"

ఎదురింట్లో నవీన్ ఆకు కత్తిరించడం ప్రాక్టీసు చేస్తున్నాడు. సుమలత పక్కన కూర్చొని తప్పులు పడుతోంది.

"తొందరేముంది మల్లక్కా" అన్నాను, మెట్ల మీదినుంచి నీళ్లు కారుతుంటే మోటరు బంద్ చేయడానికి లేస్తూ.